విన్స్ లొంబార్డి

విన్సెంట్ థామస్ లొంబార్డి (1913 జూన్ 11 - 1970 సెప్టెంబర్ 3) అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడా చరిత్రలో సుప్రసిద్ధుడైన శిక్షకుడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు 1959 నుంచి 1967 వరకు తొమ్మిది సీజన్ల పాటు ప్రధాన శిక్షకుడుగా పనిచేసి, ఆ జట్టును ఐదు సార్లు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ విజేతగా నిలిపాడు. మొదటి రెండు సూపర్ బౌల్ పోటీలను కూడా ఈయన జట్టే గెలుచుకుంది. సూపర్ బౌల్ విజేతకు బహూకరించే వెండి ట్రోఫీకి ఈయన పేరే పెట్టారు. గ్రీన్ బేలో ఈయన చివరి సీజన్ అయిన 1967, వయసు మీరిన ఒక జట్టు వరుసగా మూడవ సారి విజేత కావడానికి చేసిన ప్రయత్నంగా ప్రసిద్ధికెక్కింది.

ఆట స్వరూపం

భారతదేశంలో ఫుట్‌బాల్ అనగానే కాలితో బంతిని తన్నే ఆట గుర్తుకు వస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ అందుకు పూర్తిగా భిన్నమైనది. ఇందులో కోలగా ఉండే బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తవచ్చు, ముందుకు విసరవచ్చు. జట్టుకు 11 మంది ఆటగాళ్ళు, మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్ళగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టు పరమవుతుంది. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆపైన తన్నుతో వచ్చేది మరొకటి. దూరం నుంచి బంతిని గోల్ స్తంభాల నడుమగా తన్నితే ఫీల్డ్ గోల్, దానికి 3 పాయింట్లు.

ప్రయత్నం మొదలు కాగానే బంతిని అందుకొని ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతనికి ముందు వరుసలో నిలబడి ప్రత్యర్థులను నెట్టివేస్తూ దారి చేసేవారిలో గార్డులు ముఖ్యులు. గార్డు చేతికి బంతి సాధారణంగా రాదు, అతని పేరు పత్రికల్లోనూ అంతగా రాదు. లొంబార్డి విశ్వవిద్యాలయ జట్టులో గార్డుగా ఆడాడు. తరువాత ఈయన రూపొందించిన వ్యూహాలన్నిటిలోనూ ఆ వరుసకే పెద్దపీట వేయడానికి కారణం ఇందులో కనిపిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

లొంబార్డి న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. తండ్రి ఎన్రికో చిన్నతనంలోనే ఇటలీ నుంచి వలస వచ్చినవాడు, మాంసం వ్యాపారి. తల్లి మటిల్డా కూడా ఇటాలియన్ కుటుంబానికి చెందినదే. ఐదుగురు సంతానంలో విన్స్ పెద్దవాడు. ఎన్రికో తన ఒక చేతి వేళ్ళ మీద పని అని, రెండవ చేతి వేళ్ళ మీద ఆట అని ఇంగ్లీషు అక్షరాలతో పచ్చబొట్టు పొడిపించుకున్నాడట. కుటుంబం క్యాథలిక్ మతాచారాలను నిష్ఠగా పాటించేది. లొంబార్డి కూడా జీవితాంతం ప్రతిదినం ప్రార్థనకు వెళ్ళే అలవాటు మానలేదు.

పదిహేనేళ్ళ వయసులో ఈయన మతాచార్యుడు కావాలనే ఉద్దేశంతో ఒక సెమినరీ పాఠశాలలో చేరాడు. కొన్నేళ్ళ తరువాత ఆ ఆలోచన విరమించి, వేరే పాఠశాలలో ఫుట్‌బాల్ ఆడి, 1933లో న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో క్రీడా ఉపకారవేతనంపై ప్రవేశం సంపాదించాడు. అక్కడి శిక్షకుడు జిమ్ క్రౌలీ స్వస్థలం గ్రీన్ బే కావడం ఒక యాదృచ్ఛిక విశేషం.

లొంబార్డి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు సుమారు 180 పౌండ్లు. గార్డుకు ఇది చాలదు. అయినా 1936లో ఫోర్డమ్ ముందు వరుసలో ఈయన స్థానం సంపాదించాడు. ప్రత్యర్థులకు కొరుకుడు పడని ఆ ఏడుగురి వరుసకు పత్రికలవారు ఏడు నల్లరాతి దిమ్మెలు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ ఏడాది చివరి ఆటలో న్యూయార్క్ విశ్వవిద్యాలయం చేతిలో 7-6 తేడాతో ఓడిపోవడంతో, ప్రతిష్ఠాత్మకమైన రోజ్ బౌల్‌కు వెళ్ళే అవకాశం ఫోర్డమ్‌కు చేజారింది. 1937లో లొంబార్డి పట్టభద్రుడయ్యాడు.

ఉపాధ్యాయుడుగా, సహాయకుడుగా

అమెరికాలో ఆర్థిక మాంద్యం ఇంకా తొలగని ఆ రోజుల్లో ఈయనకు వెంటనే స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఫోర్డమ్‌లోనే న్యాయశాస్త్రం చదవడానికి చేరి కొద్ది నెలలకే మానుకున్నాడు. 1939లో న్యూజెర్సీ రాష్ట్రం ఎంగిల్‌వుడ్‌లోని సెయింట్ సిసీలియా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. లాటిన్, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం బోధిస్తూ ఫుట్‌బాల్ జట్టుకు సహాయ శిక్షకుడుగా పనిచేశాడు. 1940లో మేరీ ప్లానిట్జ్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

1942లో ప్రధాన శిక్షకుడయ్యాక పాఠశాల జట్టు వరుసగా 32 ఆటలలో ఓటమి ఎరుగకుండా సాగింది. అయితే పాఠశాల దాటి పైకి వెళ్ళడానికి ఈయనకు చాలా కాలం పట్టింది. ఎనిమిదేళ్ళు అక్కడే గడిచాయి. తరగతిలో వెనుకబడిన విద్యార్థికి సైతం అర్థమయ్యేవరకు ఒకే పాఠాన్ని పదేపదే చెప్పడం ఈయన బోధనా పద్ధతి. ఆటగాళ్ళకు నేర్పినదీ ఆ విధంగానే.

1947లో ఫోర్డమ్‌కు తిరిగి వెళ్ళి రెండేళ్ళు పనిచేసిన తరువాత, 1949లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఎర్ల్ బ్లేక్ అనే ప్రసిద్ధ శిక్షకుని వద్ద సహాయకుడుగా చేరాడు. ఆటల ఫిల్ములను మళ్ళీ మళ్ళీ చూసి ప్రత్యర్థి బలహీనతలను పట్టుకోవడం, అనవసరమైన ఎత్తులను వదిలివేసి కొన్నింటినే తప్పు లేకుండా అమలు చేయడం ఈయన అక్కడే నేర్చుకున్నాడు. ఆ ఫిల్ములను న్యూయార్క్‌లోని హోటల్‌కు తీసుకువెళ్ళి జనరల్ డగ్లస్ మెకార్థర్‌కు చూపించే పని కూడా కొన్నిసార్లు ఈయనకే పడేది. 1951లో పరీక్షలకు సంబంధించిన కుంభకోణంలో ఆ కళాశాల జట్టు ఆటగాళ్ళు చాలామంది బహిష్కృతులయ్యారు. మిగిలిన అనుభవం లేని యువకులతో జట్టును మళ్ళీ నిర్మించడంలో లొంబార్డి పాలుపంచుకున్నాడు.

1954లో వృత్తి క్రీడలో ప్రవేశించి న్యూయార్క్ జెయింట్స్ జట్టులో దాడి విభాగానికి బాధ్యత వహించాడు. అదే జట్టులో రక్షణ విభాగాన్ని చూసినవాడు టామ్ లాండ్రీ. జెయింట్స్ 1956లో లీగ్ విజేత అయింది. ఇద్దరు సహాయకులలో ఒకడు తరువాత గ్రీన్ బేకు, మరొకడు డల్లాస్‌కు ప్రధాన శిక్షకులై, 1967 డిసెంబర్ 31న గడ్డకట్టిన మైదానం మీద ఎదురెదురుగా నిలబడ్డారు.

ప్రధాన శిక్షకుడు కావాలన్న కోరిక నెరవేరేసరికి లొంబార్డికి 45 ఏళ్ళు. తన కంటే తక్కువ అనుభవం ఉన్నవారికి అవకాశాలు దక్కుతుంటే, ఇటాలియన్ పేరు తనకు అడ్డు వస్తోందని ఈయన బాధపడేవాడు.

గ్రీన్ బే

1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్‌హూన్ అనేవారు స్థాపించిన గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇతర జట్ల వలె దీనికి ఏ ధనికుడూ యజమాని కాడు. పట్టణ ప్రజలు కొన్న వాటాలతో లాభాపేక్ష లేకుండా నడుస్తుంది. 1960 జనాభా లెక్కల ప్రకారం గ్రీన్ బే జనాభా సుమారు 63 వేలు మాత్రమే. న్యూయార్క్, చికాగో, లాస్ ఏంజిల్స్ వంటి మహానగరాల జట్లతో ఇంత చిన్న ఊరు సమానంగా నిలబడటం అప్పటికే అసాధారణం. 1958లో ఈ జట్టు 12 ఆటలలో ఒక్కటే గెలిచి, ఒకటి సమం చేసి, పది ఓడిపోయింది. జట్టు ఈ ఊళ్ళో ఇంకెంత కాలం ఉంటుందనే అనుమానాలు కూడా తలెత్తాయి.

1959 ఆరంభంలో లొంబార్డి ప్రధాన శిక్షకుడు, జనరల్ మేనేజర్ పదవులు రెండింటినీ చేపట్టాడు. ఆటగాళ్ళ ఎంపిక, జీతాలు, శిక్షణ అన్నీ ఈయన చేతిలోనే ఉండేవి. క్వార్టర్‌బ్యాక్‌గా రాణించని పాల్ హార్నంగ్‌ను పరుగు స్థానానికి మార్చాడు. 1956లో 17వ రౌండులో ఎంపికై, ఎవరూ పట్టించుకోని బార్ట్ స్టార్‌ను క్రమంగా ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌ను చేశాడు. ఇద్దరు గార్డులు తమ స్థానాలు వదిలి పక్కకు పరుగెత్తి, వెనుక వచ్చే బంతి వాహకుడికి దారి చేసే పవర్ స్వీప్ అనే ఎత్తును నెలల తరబడి సాధన చేయించాడు. ఆ ఎత్తు వస్తుందని ప్రత్యర్థులకు ముందే తెలిసేది. తెలిసినా ఆపలేకపోయేవారు.

ఈయన క్రమశిక్షణ కఠినమైనది. సమావేశానికి పావుగంట ముందు రానివాడు ఆలస్యంగా వచ్చినట్లే లెక్క. దీనినే ఆటగాళ్ళు లొంబార్డి సమయం అని పిలుచుకొనేవారు. తిట్లు, కేకలు నిత్యకృత్యం. వాటిని భరించలేక నొచ్చుకున్నవారున్నారు, వాటి వల్లనే తాము మంచి ఆటగాళ్ళమయ్యామని తరువాత చెప్పుకున్నవారూ ఉన్నారు. రెండు రకాల వారూ ఒకే జట్టులో ఉండేవారు.

జాతి వివక్ష విషయంలో మాత్రం ఈయన వైఖరి స్పష్టం. అమెరికాలో నల్లజాతివారికి హోటళ్ళలో, భోజనశాలలలో ప్రవేశం నిరాకరించడం మామూలుగా ఉన్న ఆ రోజుల్లో, తన నల్లజాతి ఆటగాళ్ళను రానివ్వని చోట జట్టులో ఎవరూ అడుగు పెట్టరాదని నియమం విధించాడు. 1967 నాటికి ప్యాకర్స్ జట్టులో 13 మంది నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. విల్లీ డేవిస్, హెర్బ్ ఆడర్లీ, విల్లీ వుడ్, డేవ్ రాబిన్సన్ వీరిలో ప్రముఖులు.

మొదటి సీజన్‌లోనే జట్టు 7 విజయాలు, 5 ఓటములతో ముగించింది. 1960లో చివరి పోరాటానికి చేరి ఫిలడెల్ఫియా చేతిలో 17-13 తేడాతో ఓడింది. ఎలిమినేషన్ ఆటలలో లొంబార్డి ఎరిగిన ఓటమి అదొక్కటే. 1961లో న్యూయార్క్ జెయింట్స్‌ను 37-0 తేడాతో, 1962లో అదే జట్టును 16-7 తేడాతో ఓడించి ప్యాకర్స్ విజేత అయింది. జూదం ఆరోపణలపై హార్నంగ్ 1963 సీజన్ మొత్తం నిషేధానికి గురయ్యాడు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ టైటిల్ దక్కలేదు. 1965లో క్లీవ్‌లాండ్‌పై, 1966లో డల్లాస్‌పై గెలిచి జట్టు మళ్ళీ శిఖరానికి చేరింది. 1967 జనవరి 15న లాస్ ఏంజిల్స్‌లో ప్రత్యర్థి లీగ్ విజేత కాన్సాస్ సిటీని 35-10 తేడాతో ఓడించింది. తరువాత సూపర్ బౌల్ అని పేరొందిన పోటీలలో ఇది మొదటిది.

1967 సీజన్

వరుసగా మూడు సార్లు లీగ్ విజేత కావడం అంతకు ముందు ఒక్కసారే జరిగింది. 1929 నుంచి 1931 వరకు గెలిచిన ఆ జట్టు కూడా గ్రీన్ బేయే. అయితే అప్పట్లో చివరి పోరాటం అంటూ ఉండేది కాదు, పట్టికలో పైన ఉన్నవారే విజేత. ఎలిమినేషన్ ఆటల పద్ధతి వచ్చిన తరువాత మూడు సార్లు వరుసగా గెలిచినవారు లేరు. 1967లో లొంబార్డి ముందున్న లక్ష్యం ఇదే. దీని గురించి ఆటగాళ్ళకు ఈయన సీజన్ ఆరంభం నుంచే చెబుతూ వచ్చాడు.

పరిస్థితులు అనుకూలంగా లేవు. ఎన్నో ఏళ్ళుగా జట్టుకు రెండు కళ్ళలా ఉన్న పరుగు ఆటగాళ్ళు హార్నంగ్, జిమ్ టేలర్ ఇద్దరూ ఆ ఏడాది జట్టులో లేరు. కొత్తగా ఏర్పడిన న్యూ ఓర్లీన్స్ జట్టు హార్నంగ్‌ను ఎంపిక చేసుకోగా, మెడ గాయం వల్ల అతడు మళ్ళీ ఆడలేదు. ఒప్పందం ముగిసిన టేలర్ కూడా ఆ జట్టుకే వెళ్ళిపోయాడు. మిగిలిన ప్రముఖులలో చాలామంది ముప్పై దాటినవారు. బార్ట్ స్టార్ గాయాలతో బాధపడుతూ ఆ సీజన్‌లో 9 టచ్‌డౌన్ పాసులు మాత్రమే ఇచ్చి, 17 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతికి విసిరాడు. అతని స్థాయికి ఇది చాలా హీనమైన లెక్క.

ఆ ఏడాది లీగ్‌లోని 16 జట్లను నాలుగేసి చొప్పున నాలుగు విభాగాలుగా విడదీశారు. గ్రీన్ బే, చికాగో, డెట్రాయిట్, మిన్నెసోటా ఒక విభాగం. ఈ ఏర్పాటు వల్ల విభాగ విజేత లీగ్ టైటిల్ కోసం ఒక ఆటకు బదులు రెండు ఆటలు గెలవవలసి వచ్చింది, ఆపైన సూపర్ బౌల్ ఉండనే ఉంది.

సెప్టెంబర్ 17న డెట్రాయిట్‌తో జరిగిన మొదటి ఆట 17-17తో సమమయింది. తరువాతి వారం చికాగోపై 13-10 తేడాతో గట్టెక్కింది. నవంబర్ 5న బాల్టిమోర్‌లో జరిగిన ఆట జట్టును గట్టి దెబ్బ తీసింది. 13-10 తేడాతో ఓడిపోవడం ఒక ఎత్తు కాగా, హార్నంగ్, టేలర్‌ల స్థానాలలో ఆడుతున్న ఎలైజా పిట్స్, జిమ్ గ్రబోస్కీ ఇద్దరూ అదే ఆటలో గాయపడ్డారు. మడమ నరం తెగిన పిట్స్ ఆ ఏడాదికి మళ్ళీ ఆడలేదు. గ్రబోస్కీ మోకాలు పూర్తిగా నయం కాలేదు. ఖాళీని పూరించడానికి లొంబార్డి, వేరే జట్లు వద్దనుకున్న చక్ మెర్సీన్ అనే ఆటగాడిని సీజన్ మధ్యలో తీసుకున్నాడు. అప్పుడు ఇది ఎవరూ గమనించని చిన్న వార్త.

ఆ మరుసటి ఆదివారమే మిల్వాకీలో క్లీవ్‌లాండ్‌ను 55-7 తేడాతో చిత్తు చేసింది. అప్పట్లో ప్యాకర్స్ ప్రతి ఏడాది కొన్ని సొంత ఆటలను పెద్ద నగరమైన మిల్వాకీలో ఆడేది. కొత్త కుర్రవాడు ట్రావిస్ విలియమ్స్ ఆనాడు ప్రత్యర్థులు తన్నిన బంతిని అందుకొని మైదానం పొడవునా పరుగెత్తి, ఒకే క్వార్టర్‌లో రెండు సార్లు టచ్‌డౌన్ చేశాడు. ఇటువంటివి ఆ సీజన్‌లో అతడు మొత్తం నాలుగు సాధించాడు, ఇది లీగ్ రికార్డు. నవంబర్ చివరికల్లా విభాగంలో ప్రథమ స్థానం ఖాయమయింది. ఆఖరి రెండు ఆటలు మాత్రం ఓడిపోయి, 9 విజయాలు, 4 ఓటములు, ఒక సమంతో జట్టు సీజన్ ముగించింది. లొంబార్డి కాలపు విజేత జట్లలో దీనికంటే బలహీనమైన లెక్క మరొకటి లేదు. అదే ఏడాది లాస్ ఏంజిల్స్, బాల్టిమోర్ చెరి 11 ఆటలు గెలిచి ఒక్కొక్కటే ఓడాయి. ఒకే విభాగంలో ఉండటం వల్ల బాల్టిమోర్ అంత బాగా ఆడి కూడా ఇంటిదారి పట్టింది. లీగ్ నియమాలలోని ఈ అన్యాయం ప్యాకర్స్‌కు కలిసి వచ్చిందని చెప్పక తప్పదు.

డిసెంబర్ 9న లాస్ ఏంజిల్స్ చివరి నిమిషంలో ప్యాకర్స్ తన్నిన బంతిని అడ్డుకొని 27-24 తేడాతో గెలిచింది. రెండు వారాల తరువాత డిసెంబర్ 23న ఎలిమినేషన్ ఆటలో మళ్ళీ ఆ జట్టే మిల్వాకీకి వచ్చింది. గెలుపు లాస్ ఏంజిల్స్‌దేనని చాలామంది భావించారు. మొదటి టచ్‌డౌన్ కూడా వారిదే. ఆ తరువాత ప్యాకర్స్ వరుసగా నాలుగు టచ్‌డౌన్లు చేసి 28-7 తేడాతో గెలిచింది.

ఐస్ బౌల్

లీగ్ టైటిల్ కోసం 1967 డిసెంబర్ 31న గ్రీన్ బేలోని లాంబో ఫీల్డ్‌లో ప్యాకర్స్, డల్లాస్ కౌబాయ్స్ తలపడ్డాయి. ముందురోజు వాతావరణం చలిగా ఉన్నా ఆటకు అనుకూలంగానే ఉంది. తెల్లవారేసరికి ఉత్తరం నుంచి వచ్చిన శీతల వాయువులతో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయింది. ఆట మొదలయ్యేటప్పటికి అది మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. గాలి తీవ్రత దీనికి అదనం. అందుకే ఈ ఆటకు ఐస్ బౌల్ అనే పేరు స్థిరపడింది.

ఈ సందర్భంలో లొంబార్డి గురించి ఒక విషయం చెప్పుకోవాలి. మైదానం గడ్డకట్టకుండా ఉండేందుకు ఆ ఏడాదే ఈయన 80 వేల డాలర్ల ఖర్చుతో నేల కింద విద్యుత్ తీగలు వేయించాడు. ఆ ఏర్పాటు పట్ల ఈయనకు ఎంతో గర్వం, చూడవచ్చినవారికి స్వయంగా వివరించేవాడు. రాత్రంతా మైదానంపై కప్పి ఉంచిన టార్పాలిన్ కింద ఆవిరి చేరి గడ్డి తడిసింది. టార్పాలిన్ తీయగానే ఆ తడి క్షణాలలో మంచుగా మారింది. మైదానం గాజు పలకలా తయారయింది. లొంబార్డి కావాలనే తీగలు పనిచేయకుండా చేశాడని కొందరు అనుమానించారు కానీ దానికి ఆధారం లేదు.

ఇంతటి చలిలోనూ 50 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. నిర్ణేతల లోహపు ఈలలు పెదవులకు అతుక్కుపోవడంతో వారు ఈలలు మానేసి కేకలతోనే ఆట నడిపించారు. వాయిద్యాలు గడ్డకట్టడం వల్ల విరామ సమయంలో జరగవలసిన బ్యాండు ప్రదర్శన రద్దయింది. పలువురు ఆటగాళ్ళకు చలి వల్ల చేతివేళ్ళు, పాదాలు దెబ్బతిన్నాయి. ఆటకు ముందు జరిగిన సాధనలోనే గ్రబోస్కీ మోకాలు మళ్ళీ దెబ్బతినడంతో అతని బదులు చక్ మెర్సీన్ దిగాడు.

స్టార్ ఇచ్చిన రెండు పాసులను బాయిడ్ డౌలర్ టచ్‌డౌన్లుగా మలచగా ప్యాకర్స్ 14-0 ఆధిక్యం సాధించింది. విరామానికి ముందు స్టార్ చేతి నుంచి జారిన బంతిని అందుకొని డల్లాస్ ఒక టచ్‌డౌన్, మరొక పొరపాటు వల్ల ఒక ఫీల్డ్ గోల్ చేసింది. నాల్గవ క్వార్టర్ మొదటి ప్రయత్నంలోనే డాన్ రీవ్స్ పరుగెత్తుతున్నట్లు నటించి విసిరిన బంతిని లాన్స్ రెంట్జెల్ అందుకొని 50 గజాల టచ్‌డౌన్ చేశాడు. డల్లాస్ 17, గ్రీన్ బే 14.

4 నిమిషాల 50 సెకన్లు మిగిలి ఉండగా ప్యాకర్స్‌కు బంతి వచ్చింది. టచ్‌డౌన్‌కు 68 గజాల దూరం. కాళ్ళు జారుతున్న నేలమీద స్టార్ చిన్న చిన్న పాసులతో జట్టును ముందుకు నడిపాడు. ఆ ప్రయాణంలో మెర్సీన్ ఒక పాస్ అందుకొని 19 గజాలు, ఆ వెంటనే పరుగుతో 8 గజాలు సంపాదించాడు. చివరి గీతకు గజం దూరంలో రెండు ప్రయత్నాలు మంచు మీద జారి విఫలమయ్యాయి. 16 సెకన్లు మిగిలాయి. ప్యాకర్స్ తన ఆఖరి టైమౌట్ తీసుకుంది.

అక్కడ లొంబార్డికి రెండు మార్గాలున్నాయి. ఫీల్డ్ గోల్ తన్నిస్తే స్కోరు సమమై అదనపు సమయం లభిస్తుంది. బంతితో చొరబడి విఫలమైతే, మళ్ళీ వరుస తీరేలోగా గడియారం ఆగకుండా తిరిగి ఆట ముగిసిపోవచ్చు, మూడవ టైటిల్ ఆశ అక్కడితో అడుగంటినట్లే. బంతి మోసేవాడు అందుకోవడానికి వచ్చేలోగా జారిపోతున్నాడు కనుక తానే చొచ్చుకుపోతానని స్టార్ ప్రతిపాదించాడు. లొంబార్డి మరొక మాట లేకుండా అంగీకరించాడు. మిగతా ఆటగాళ్ళకు స్టార్ ఆ సంగతి చెప్పలేదు, బంతి మెర్సీన్‌కు వెళుతుందనే వారు అనుకున్నారు. గార్డు జెర్రీ క్రామర్, సెంటర్ కెన్ బౌమన్ కలిసి డల్లాస్ ఆటగాడు జెత్రో పగ్‌ను వెనక్కి నెట్టగా, ఆ సందులో స్టార్ గీత దాటి పడిపోయాడు. ప్యాకర్స్ 21-17 తేడాతో గెలిచింది. మామూలుగా ఎవరి కంటా పడని గార్డు పని ఆ రోజు టెలివిజన్‌లో మళ్ళీ మళ్ళీ చూపించారు. క్రామర్ ఆ సీజన్ దినచర్యగా రాసిన ఇన్‌స్టంట్ రీప్లే పుస్తకం 1968లో వెలువడి విశేష ఆదరణ పొందింది.

ప్రమాదం తప్పి గెలిచినందువల్ల ఈ నిర్ణయాన్ని సాహసమని మెచ్చుకుంటారు. స్టార్ జారి ఉంటే దీనినే మొండితనమని నిందించేవారు. తడబడే పాదాలతో, చలికి బిగుసుకున్న చేతులతో ఉన్న ఆటగాళ్ళ చేత అదనపు సమయం ఆడించడం కంటే అక్కడే తేల్చుకోవడం మేలని లొంబార్డి భావించి ఉండవచ్చు.

గ్రీన్ బే నుంచి నిష్క్రమణ

1968 జనవరి 14న మయామీలో జరిగిన రెండవ సూపర్ బౌల్‌లో ప్యాకర్స్ ఓక్లాండ్ రైడర్స్‌ను 33-14 తేడాతో సునాయాసంగా ఓడించింది. ఇదే లొంబార్డి చివరి ఆట అన్న ఊహ ఆటగాళ్ళలో అప్పటికే వ్యాపించింది. ఆట ముగియగానే వారు ఈయనను భుజాల మీద ఎత్తుకొని మైదానం బయటకు తీసుకువెళ్ళారు. ఫిబ్రవరి 1న ఈయన శిక్షకుని పదవి నుంచి తప్పుకున్నాడు.

అలసట ఇందుకు ముఖ్య కారణం. రెండు పదవుల భారం, ప్రతి ఏడాది గెలిచి తీరాలన్న ఒత్తిడి ఈయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. ఆ శీతాకాలంలోనే ఎస్క్వైర్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఈయనను క్రూరుడుగా చిత్రించడం మనసుకు బాధ కలిగించింది. గెలుపు ఒక్కటే లోకమన్న అర్థం వచ్చే ఒక సూక్తిని కూడా జనం ఈయనకే ఆపాదించారు. నిజానికి ఆ మాట అంతకు ముందే రెడ్ సాండర్స్ అనే మరొక శిక్షకుడు అన్నది.

జనరల్ మేనేజర్‌గా 1968 సీజన్ అంతా ఈయన గాజు కిటికీ వెనుక కూర్చొని ఆటలు చూశాడు. కొత్త శిక్షకుడు ఫిల్ బెంగ్ట్‌సన్ ఆధ్వర్యంలో జట్టు 6 గెలిచి, 7 ఓడి, ఒకటి సమం చేసింది. మైదానానికి దూరంగా ఉండటం ఈయనకు సరిపడలేదు. 1969లో వాషింగ్టన్ జట్టుకు ప్రధాన శిక్షకుడుగా, కొంత వాటాదారుగా చేరాడు. 1955 తరువాత ఓటముల కంటే విజయాలు ఎక్కువగా ఎరుగని ఆ జట్టు ఈయన వద్ద 7 విజయాలు, 5 ఓటములు, 2 సమాలు సాధించింది. ప్రధాన శిక్షకుడుగా పది సీజన్లలో ఒక్కసారి కూడా ఓటములు ఎక్కువైన ఏడాది ఈయనకు లేదు.

మరణం

లొంబార్డికి చాలా కాలంగా జీర్ణకోశ సంబంధమైన ఇబ్బందులు ఉండేవి. పరీక్ష చేయించుకోమన్న వైద్యుల సలహాను పెడచెవిన పెట్టాడు. గాయాలతో ఆడమని ఆటగాళ్ళను ఒత్తిడి చేసిన మనిషి తన నొప్పిని కూడా అదే విధంగా చూశాడు. 1970 జూన్‌లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చేరినప్పుడు పెద్దపేగు క్యాన్సర్ ఉన్నట్లు తెలిసింది. అది అప్పటికే చేయి దాటిపోయింది. ఈయనను చివరిసారి చూడటానికి పాత ఆటగాళ్ళు పలువురు ఆసుపత్రికి వచ్చారు. సెప్టెంబర్ 3న తన 57వ ఏట మరణించాడు. న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్స్ క్యాథెడ్రల్‌లో అంత్యక్రియల ప్రార్థనలు జరిగాయి. న్యూజెర్సీలోని మిడిల్‌టౌన్‌లో ఖననం చేశారు. భార్య మేరీ 1982లో మరణించింది.

గుర్తింపు

1970లోనే సూపర్ బౌల్ ట్రోఫీకి లొంబార్డి పేరు పెట్టారు. 1971 జనవరిలో బాల్టిమోర్ జట్టు ఆ పేరుతో దానిని మొదటగా అందుకుంది. అదే సంవత్సరం ఈయనకు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. లాంబో ఫీల్డ్ పక్కనున్న రహదారికి 1968లోనే లొంబార్డి పేరు పెట్టారు, 2003లో స్టేడియం ఎదుట విగ్రహం నెలకొల్పారు. ఈయన చికిత్స పొందిన జార్జ్‌టౌన్‌లోని క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి కూడా ఈయన పేరే ఉంది. డేవిడ్ మరానిస్ రాసి 1999లో ప్రచురించిన జీవిత చరిత్ర, ఈయన గురించి తెలుసుకోగోరేవారికి బాగా ఉపయోగపడుతుంది.

లొంబార్డి వెళ్ళిన తరువాత గ్రీన్ బే మళ్ళీ విజేత కావడానికి 1997 జనవరి వరకు వేచి ఉండవలసి వచ్చింది. వరుసగా మూడు టైటిళ్ళ ఘనతను అందుకోవడానికి ఆ తరువాత పలు జట్లు ప్రయత్నించాయి. 2022, 2023 సీజన్లలో గెలిచిన కాన్సాస్ సిటీ 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా చేతిలో ఓడి ఆ అంచున ఆగిపోయింది.